మూడో పిలుపుకు పలుకుదామనుకున్న

రండ్రి, జర దగ్గరికి జరిగి కూసోండ్రి. చేతుల పని ఉంటే ఉండనీయండ్రి, పప్పు ఏరుకుంట గూడ వినొచ్చు. గట్టిగ చెప్పే ముచ్చట కాదిది, అందుకే దగ్గరికి రమ్మంటున్న.

నేను రాస్తున్నంటే మా ఇంట్ల నవ్విండ్రు. మా తల్లిగారి ఊరు పెన్‌గంగ అవతల, ఆదిలాబాద్ దిక్కు. అక్కడ నాలుగో తరగతి దాంక తెలుగు బడికి పోయిన. లగ్గమై ఇటు మహారాష్ట్రల కోఠారికి వచ్చినంక ముప్పై ఏండ్ల సంది బజారు మరాఠీలనే, దవాఖాన మరాఠీలనే. నా అక్షరాలు వంకర పోతయి. కానీ యాది మాత్రం ఏదీ పోదు. ఎవల లగ్గంల ఏ కూర మాడిందో గూడ చెప్త. గా యాదే నన్ను పండబెట్టింది.

మాది ఒక్కటే వాకిలి, రెండు పొయ్యిలు. ఒకటి నాది, ఒకటి మా యారాలు పోసక్కది. ఆమె మా బావ భార్య, నాకన్న ఎనిమిదేండ్లు పెద్ద. ఆమెకు ఒక్కతే బిడ్డ, సునీత. చంద్రపూర్ల కాలేజీ చదువుతది, రోజు బస్సుల పోయొస్తది. నన్ను చిన్నమ్మ అంటది. నాకు ఇద్దరు కొడుకులే, పనులకు పోయి బయటనే ఉంటరు. అందుకే సునీత రెండు పొయ్యిల కాడ తిని పెరిగింది.

మా దిక్కు హోళీ దగ్గరికొస్తే ఇప్పపువ్వు రాలుతది. చెట్టు కింద ముందే ఊడ్చిపెట్టుకొని, తెల్లారంగనే పోయి ఏరుకోవాలె. ఎండెక్కితే పువ్వు వాడుతది. ఒంగి ఏరేటోళ్లకు భూమి తప్ప ఏం కనబడదు. ఒంగిన మనిషి పులి కండ్లకు మనిషి లెక్క ఉండదంటరు. గందుకే మా ఆడోళ్లకు ఒక పద్ధతి ఉంది. ఒక్కతి పోవద్దు. ఇద్దరు పోయినా ఎవల చెట్టు వాళ్లదే, పక్కపక్కన ఉండరు. కాబట్టి జర సేపటికోసారి ఒకతి ‘హో’ అనాలె, రెండోది ‘హో’ అని పలకాలె. పలికితే ఉన్నట్టు. మా అత్త నాకు వంట కన్న ముందుగాల ఇదే నేర్పింది.

పోయిన ఏడాది, హోళీ అయిన వారానికి, నేను వాకిట్ల ఇప్పపువ్వు ఎండబోసిన. పోసక్క కోళ్లొచ్చి మొత్తం కెలికినయి. ‘అక్కా, నీ కోళ్లకు సారా అలవాటైతున్నది’ అన్న. నవ్వుతదనుకున్న. ఆమె పొయ్యి ముంగట నుంచి లేవకుంటనే, ‘నాలుగు పువ్వులు తింటే నీ సంసారం కూలుతదా? నీ మొగడు తాగేదానికన్న తక్కువనే తిన్నయిలే’ అన్నది. మా ఇంటాయన అక్కడనే కూసొని బీడీ కాలుస్తుండె. ఆయన నవ్విండు. పోసక్క మాట కన్న ఆయన నవ్వు నన్ను ఎక్కువ కాల్చింది. నేను అలిగిన. రెండు రోజులు మాట్లాడలే.

మాట్లాడకున్నా పువ్వుకు మాత్రం కలిసే పోయినం. ఒక్కతి పోవద్దు కదా. ఆమె ముందట, నేను పది అడుగులు ఎనుక. ఆమె చెట్టు వాగు పక్కన, నాది కొంచెం మీదికి.

రెండోనాడు చాన సేపు ఇద్దరం ఉలుకలే పలుకలే. ఆమెనే ముందుగాల ‘హో’ అన్నది. పెద్దదైనా ఆమెనే తగ్గింది. నేను పలకలే. పిలవనీ అనుకున్న. నోట్ల నవ్వు గూడ ఉంది నాకు, గా సంగతి గూడ చెప్పాలె. కొంచెం సేపైనంక మల్ల ‘హో’ అన్నది, ఈసారి కొంచెం గుంజి. నేను పువ్వు ఏరుకుంట మూడోసారి పిలిస్తే పలుకుదామనుకున్న. మూడోసారి పిలవలే.

ఒక చప్పుడైంది. పెద్ద చప్పుడు కాదు. ఎండుటాకుల మీద నిండిన గోనెసంచి గుంజినట్టు. నేను లేచి చూసినప్పుడు ఆమె గంప ఉంది, ఆమె లేదు. గప్పుడు అరిచిన. ఎంత అరిచిన్నో నాకు తెల్వదు. అవతలి చెట్ల కాడి ఆడోళ్లు కట్టెలు పట్టుకొని ఉరికొచ్చిండ్రు. నా చేతుల గూడ కట్టె ఉందట. ఎప్పుడు పట్టుకున్ననో నాకు యాదిలే. నా యాదిల ఉన్న ఒక్కగానొక్క బొక్క అదే.

ఆమె దొరికింది. అంతకన్న చెప్ప.

ఊరు ఏమనుకున్నదంటే, చిన్న యారాలు కట్టె పట్టి పులికి ఎదురు నిలబడ్డది అని. పేపర్ల గూడ గట్లనే వచ్చిందని సునీత చదివి చెప్పింది. తల్లి పోయి నాలుగు రోజులు కాలే, ఆ పిల్ల నా చెయ్యి పట్టుకొని, ‘చిన్నమ్మా, నువ్వన్న ఉన్నవు అమ్మ పక్కన’ అన్నది. అప్పుడు చెప్పేది ఉండె. చెప్పలే.

అక్కడి సంది నా పెయ్యి, ఈ ఒళ్లు, నాది కాకుంట పోయింది. ఏడుపు రాలే. దినాలల్ల అందరు ఏడిస్తే నేను గిన్నెలు కడిగిన. ఎంత ధైర్యం చూడు అన్నరు. తిన్నది మన్నో బువ్వనో తెల్వకపోయేది. జొన్నరొట్టె తిప్పుకుంట పెనం అంచుకు చెయ్యి ఆనిచ్చి ఉన్న, వాసనకు సునీత ఉరికొచ్చి గుంజింది. బొబ్బలొచ్చినయి. నొప్పి తెల్వలే. ఎవరన్న పిలిస్తే మాత్రం గుండె నోట్లకొచ్చేది. ఎవరన్న, ఎందుకన్న. అటెనుక మల్ల ఏముండకపోయేది, బూడిద లెక్క.

వానలు పడంగ మా ఇంటాయన నన్ను భగత్ కాడికి తీస్కపోయిండు. భగత్ అంటే మా దిక్కు దయ్యం గాలి చూసి మంత్రించేటాయన. పులి గాలి సోకిందన్నడు, నిమ్మకాయ దిప్పిండు, బూడిద పెట్టిండు. ఆయన మంచోడే, నా ముంగట కూసొని చాన సేపు చూసి, ‘ఇది నాతోని కాదు, చంద్రపూర్ తీస్కపో’ అని మా ఇంటాయనకు చెప్పిండు. గా మాటకు ఆయనకు దండం పెడత.

చంద్రపూర్ దవాఖానల ముందు నరాల డాక్టరు చూసిండు. సూదితోని గుచ్చి ఏడ నొస్తుందో చెప్పుమన్నడు. నరాలు మంచిగనే ఉన్నయన్నడు. చెయ్యి కాలితే తెల్వదంటే కాగితం రాసి ఇంకో రూముకు పంపిండు. ఆ రూము కాడ చిన్న బల్లలు, గోడకు ఆనుకున్న మనుషులు. మా ఇంటాయన బోర్డు చదివి తల ఇట్ల దింపిండు. ‘పిచ్చోళ్ల రూము’ అని మెల్లగ అన్నడు. బస్టాండుకు పోదాం పా అన్నడు. మాతో వచ్చిన సునీత కదలలే. ‘కాకా, నువ్వు పో. మేము చూపించుకొనే వస్తం’ అన్నది.

వానలల్ల ఎడ్లకు చేసే పోలా పండుగ సంది ప్రతి మంగళారం ఆ బల్ల మీద కూసున్న. కూసునుడే సగం రోగం. ఎవల పేరు పిలిచినా ఉలిక్కిపడుడు. ఆవర్‌పూర్ సిమెంటు కాలనీ నుంచి ఒక పెద్దమనిషామె వస్తుండె. ఆమె ముందుగాల వచ్చి నా జాగల దస్తీ పరిచి ఉంచేది. ఒకనాడు చపాతీల నిమ్మకాయ తొక్కు పెట్టి ఇచ్చింది. రుచి ఎట్లుందని అడిగితే తెల్వదన్న. ఆమె, ‘నాక్కూడ ఆరు నెలలు తెల్వలే. ఉప్పు ముందొస్తది, కారం ఎనుకొస్తది. తొందర పడకు’ అన్నది. ఆమెకు ఏమైందో నేను అడగలే, ఆమె నన్ను అడగలే.

లోపల కౌన్సిలింగ్ చేసేటామెను అందరు తాయి అంటరు, మరాఠీల అక్క అన్నట్టు. నా కన్న చిన్నదే. పులి సంగతి అడుగుతదని నేను పెయ్యి బిగవట్టుకొని పోయిన. ఆమె అడగలే. నిద్ర ఎట్లుంది, పొద్దుగాల ఏం తింటవు, ఇంట్ల నీతోటి ఎవలు మాట్లాడతరు, కాళ్లు భూమికి తగులుతున్నట్టుందా అని అడిగింది. గదేం ప్రశ్న అనుకున్న. చెప్పులిడిసి కాళ్లు బండకు గట్టిగ ఒత్తమన్నది. వేడి నీళ్ల లోటా రెండు చేతులల్ల పెట్టి, ఏడ వేడి తెలుస్తుందో చూడుమన్నది. అరచేతి నడుమ కొంచెం తెలిసింది. ఇయ్యాలకు గింత చాలు అన్నది.

ఆమె పద్ధతి నేను మా భాషల చెప్త. పప్పుల ఉప్పొక్కటే ఏస్తే కూర కాదు. నిద్రకు డాక్టరు గోలీ ఇచ్చిండు, అది ఒకటి. పొద్దున బీడు దాంక నడక, అడుగు మీద ఆలోచన పెట్టి, అది ఒకటి. శ్వాస ఇడిసేటప్పుడు పొడుగ్గ ఇడుసుడు. యాల్లకు తినుడు, రుచి తెల్వకున్నా. భజనకు పోవాలనిపిస్తే పో, భగత్ కాడికి పోవాలనిపిస్తే పో, గోలీ మాత్రం ఆపకు అన్నది. మాట అన్నిటికన్న ఎనుక. పెయ్యి భయంల ఉంటే మాట ఏడికి పోతది అన్నది.

మా ఇంటాయనను గూడ పిలిపించింది. రానన్నడు, మల్ల వచ్చిండు. రోజు పొద్దూకినంక పది నిమిషాలు ఈమె పక్కన కూసో, ఏం చెప్పకు, ఏం అడగకు అని చెప్పింది. ‘ఉత్తగ కూసునుడు ఏం మందు?’ అని ఆయన బస్సుల కోఠారి దాంక గొణిగిండు. కానీ కూసున్నడు. మూడోనాడు కూసున్న కాడనే గోడకానుకొని గురక పెట్టిండు. అలిగిన సంది ఆయన దిక్కు చూసి మొదటిసారి నాకు కోపం కాకుంట ఇంకేదో వచ్చింది. తాగుడు మానిండని చెప్ప, అబద్ధమైతది.

ఇగ అసలు చిక్కు. నా మరాఠీ బియ్యం ధరకు, బస్సు టికెట్టుకు సరిపోతది. గా పొద్దటి ముచ్చట మరాఠీల రాదు నాకు. అందుకని సునీత నా పక్కన కూసొని నేను తెలుగుల చెప్పింది తాయికి మరాఠీల చెప్పేది. మీకు అర్థమైంది కదా. చెప్పవలసింది ఎవలకు చెప్పలేకపోతున్ననో, ఆమె నోటి నుంచే అది పోవాలె. నేను అంచుల చుట్టే తిరిగిన. చెట్టు చెప్పిన, గంప చెప్పిన, చప్పుడు చెప్పిన. పిలుపు చెప్పలే. పిలుపు కాడికి వస్తే నాలిక మొద్దువారేది.

దీపావళి ముందర ఒక మంగళారం తాయి సునీతను చాయ్ తెమ్మని పంపింది. తలుపు దగ్గరికేసి, చిన్నమ్మా అన్నట్టు మరాఠీల ‘మావశీ’ అని పిలిచి, మెల్లగ అన్నది: ‘మీ భాషలనే చెప్పు. నాకు తెల్వదు. అయినా వింట.’ నేను ఆమె దిక్కు చూసిన. ఆమెకు నిజంగనే ఒక్క మాట రాదు. గప్పుడు చెప్పిన. కోళ్ల కాడి నుంచి షురూ చేసి, నోట్ల నవ్వు దాంక, మూడోసారి దాంక, మొత్తం. ఆమె నా మొకం చూసుకుంట కూసున్నది. చెప్పుడు అయినంక నా మోకాళ్లు వణుకుడు పట్టినయి. ఆపుదామని చేతులతోటి పట్టుకున్న. తాయి, ఆపకు, పోనీ అన్నది. వణుకు తొడలకొచ్చింది, దవడకొచ్చింది. సునీత చాయ్ తీస్కొచ్చే సరికి పెయ్యంత చెమట. చాయ్ తియ్యగున్నదని తెలిసింది.

గిట్ల చెప్పంగనే బాగైందనుకోకుండ్రి. ఆ వారం ముందటి కన్న చెడిపోయింది. పొద్దెక్కేదాంక పండుకున్న. వాకిట్ల కోడి కూసినా దుప్పటి కప్పుకున్న. తాయి దానికి గూడ తల ఊపింది, మొద్దువారిన కాలుకు రక్తం వస్తే ముందు సూదులు గుచ్చినట్టే ఉంటదన్నది. ఆమెకు మాటలు తెల్వకున్నా ఒకటి మాత్రం కనిపెట్టింది. ‘నాకు చెప్పింది ఇంకెవలకన్న చెప్పేదా?’ అని అడిగింది. బయట కూసున్న సునీత దిక్కు చూసి తల ఊపిన. ‘నీ బరువు దించుకునేటందుకే అయితే ఆగు. ఆమె ఏమన్నా పడేటంత బలం వచ్చినంక చెప్పు’ అన్నది. నేను చలికాలమంత ఆగిన.

ఇంకా ఆగేదాన్నే. మహిళా దినం వచ్చిపడ్డది. మా ఊరి బచత్ గటోళ్లు, అంటే పొదుపు సంఘం ఆడోళ్లు, నాకు సత్కారం చేస్తమన్నరు. మా దిక్కు ఎవలనన్న మెచ్చుకోవాల్నంటే పది మందిల నిలబెట్టి శాలు కప్పి కొబ్బరికాయ చేతుల పెడతరు. పులికి ఎదురు నిలబడ్డ ఆడమనిషి అని నా పేరు పలకాలె, నాకు శాలు సునీత కప్పాలె అని అనుకున్నరు. సునీత ఒప్పుకున్నది. మాట్లాడవలసింది కాగితం మీద రాసుకొని గూడ పెట్టుకున్నది.

ఆమె చేతుల నుంచి ఆ శాలు నా మీద పడితే నేను ఇగ ఎన్నటికీ చెప్పలేను. అది నాకు తెలిసిపోయింది.

రెండు రోజుల ముందట, పగటీలి అన్నాలైనంక, ఇద్దరం వాకిట్ల కందిపప్పు చెరుగుతున్నం. మా బావ చేనుకు పోయిండు. నేను కాళ్లు భూమికి ఒత్తిపెట్టుకొని చెప్పిన. సాగదీయలే. మీ అమ్మ పిలిచింది, నేను అలిగి పలకలే, పులితోటి ఏం కొట్లాడలే అన్న.

సునీత చేట కింద పెట్టింది.

‘ఎన్నిసార్లు పిలిచింది?’

‘రెండుసార్లు.’

‘నీకు మంచిగ వినబడ్డదా?’

‘వినబడ్డది.’

‘మరి?’

‘మూడోసారికి పలుకుదామనుకున్న బిడ్డా.’

‘కోళ్ల గురించా’ అన్నది. కోళ్ల గురించే అన్న. ‘నా ముంగట ఏడువకు చిన్నమ్మా’ అన్నది. ఏడుస్తలేను అన్న. ‘అదే. ఏడుస్తలేవు’ అని లేచి ఇంట్లకు పోయి తలుపేసుకున్నది.

నేను అదే కాళ్లతోటి బచత్ గట్ అధ్యక్షురాలి ఇంటికి పోయిన. ఆమె కొబ్బరికాయలకు పీచు తీస్తున్నది. శాలు నాకొద్దు, నేను కొట్లాడలే, ఆమె పిలిస్తే పలకలే అని చెప్పిన. నాలుగు మాటలు, మరాఠీలనే వచ్చినయి. ఆమె పీచు తీసిన కాయ మల్ల సంచిల పెట్టింది. సత్కారం కాలే. ఊర్ల కొందరు నాతోని మాట మానిండ్రు. ఒకామె బోరింగు కాడ నా బిందె పక్కన పెట్టి, ‘నేను గూడ ఒకసారి మా ఆడిబిడ్డకు పలకలే. ఆమె బతికొచ్చింది, గంతే తేడా’ అని పోయింది.

సునీత పన్నెండు రోజులు నాతోటి మాట్లాడలే. నా పొయ్యి కాడికి రాలే. ఆ పన్నెండు రోజులల్ల నాకు ఒకటి తెలిసింది. నొచ్చింది. ఇక్కడ, గొంతు కింద, ముల్లు ఇరిగినట్టు నొచ్చింది. ఏడాది సంది సూది గుచ్చినా తెల్వని పెయ్యికి ఆ పిల్ల మాట్లాడకపోవుడు తెలిసింది. మొద్దు మొత్తం పోయిందనను. ఇప్పటికీ ఎడమ చేతి రెండేళ్లు నావి కానట్టే ఉంటయి, దినాలకు దినాలు బూడిద లెక్కనే పోతయి.

ఆ నడుమనే మంగళారం వచ్చింది. ఒక్కదాన్నే పోదామని బస్సెక్కిన. ముందటి సీట్ల సునీత కూసొని ఉంది. కండక్టర్ వస్తే రెండు టికెట్లు తీసుకొని ఒకటి ఎనుకకు అందిచ్చింది, ఎనుకకు తిరుగకుంటనే. దవాఖాన బల్ల మీద గూడ ఆ కొసకు ఆమె, ఈ కొసకు నేను. పేరు పిలిచినంక లోపలికి మాత్రం ఇద్దరం పోయినం.

తాయి అడిగింది, నేను నా వంకర మరాఠీల నేనే చెప్పిన. ఈమెకు చెప్పిన, ఈమె మాట్లాడుతలేదు అన్న. తాయి నన్ను ఇడిసిపెట్టి సునీత దిక్కు తిరిగింది. ‘నువ్వెట్లున్నవు?’ అన్నది. గంతే. సునీత బాగున్న అన్నది. తాయి మల్ల అడిగింది, నిద్ర పడుతుందా అని. సునీత, కాలేజీల ఎవలన్న ఎనుక నుంచి పేరు పెట్టి పిలిస్తే ఆగనని, ఉరుకుతనని చెప్పింది. అమ్మ పోయిన సంది అన్నం వండితే వాసనకు వాంతికొస్తదని చెప్పింది. చెప్పుకుంట చెప్పుకుంట మొకం చేతులల్ల పెట్టుకున్నది.

నేను చూసుకుంట కూసున్న. పోలా పండుగ సంది ఈ పిల్ల నన్ను బస్సెక్కించింది, నా గోలీలు లెక్కజూసింది, నా మాటలు మోసింది. తల్లి పోయింది ఆమెకు. రోగం నాకొక్కదానికే అనుకున్నం అందరం. నేను, మా ఇంటాయన, మా బావ, ఊరు. ఎట్లున్నవు బిడ్డా అని ఒక్కలన్న అడిగినమా?

తాయి, ఈమె పేరు మీద వేరే కేస్ పేపర్, అంటే దవాఖాన చీటీ, కావాలె అన్నది. సునీత లేవబోయింది. నేను ఆమె భుజం మీద చెయ్యేసి కూసోబెట్టి, బయటికొచ్చి లైన్ల నిలబడ్డ. పెద్ద లైను. ముందట పద్దెనిమిది మంది. ఎండ మీద పడుతుండె. గా కిటికీల పిల్లడు పేషంటు పేరు అడిగితే సునీత అన్న, వయసు అడిగితే చెప్పిన, మీరేమైతరంటే చిన్నమ్మను అన్న. రాసుకున్నడు.

ఇప్పుడు మంగళారం ఇద్దరం పోతం. ఆమె లోపలుంటే నేను బయట బల్ల మీద కూసుంట. నేను లోపలుంటే ఆమె బయట. ఒక్కోనాడు మాట్లాడతది, ఒక్కోనాడు మాట్లాడదు. మన్నించిందా అని మీరు అడుగుతరు. నేను అడగలే. అడుగుడు గూడ ఆమె మీద ఇంకో బరువే. ఆమె బస్సుల నా పక్కన కూసున్ననాడు నేను కిటికీ దిక్కు ఆమెకిస్త.

మీలో ఎవలకన్న పెయ్యి మొద్దువారి ఉంటే, ఏడుపు రాకుంటే, ధైర్యమని మోసపోకుండ్రి. ఎవలన్న చెయ్యి పట్టి తీస్కపోతనంటే పోండ్రి. మిమ్ముల తీస్కపోయినోళ్ల మొకం గూడ ఒకసారి చూడుండ్రి.

ఇంతసేపు నా పక్కన కూసున్నరు. మీ పొయ్యి చల్లబడకుంట ఉండాలె. మీ ఇంట్ల అలిగినోళ్లు గూడ అన్నం యాల్లకు ఒక్క దగ్గరనే కూసోవాలె. మీ పిల్లలను ఎట్లున్నవని అడిగేటోళ్లు ఎప్పుడు ఒకలుండాలె. సల్లగుండ్రి.